నాలుగు పొయ్యిల ఊరికి ఒక చోటు

మా సోషల్ మాస్టారు పోయారు. పోయిన పదకొండు రోజులకి నాకు తెలిసింది. శుక్రవారం అరకు సంతలో అల్లం బస్తా దించి చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నాను. మా బడికి కొత్తగా వచ్చిన కుర్ర మాస్టరు జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికొచ్చాడు. అతనిది పార్వతీపురం వైపు.

"ఇక్కడ పూర్వం పనిచేసిన పెద్ద మాస్టారు పోయారండి. మా పక్క ఊరే ఆయనది. నిద్రలోనే పోయారంట. మిమ్మల్ని బాగా ఎరుగుదురంట కదా" అన్నాడు.

అవును, ఎరుగుదురు. అంత బాగా ఎరిగిన మనిషి కాబట్టే అయిదేళ్లుగా ఆయన ఎదటికి వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. ఇక వెళ్లనక్కర్లేదు అని ఆ క్షణంలో నా మనసులో ఒక మూల తేలిక పడింది. ఆ తేలిక నాకు తెలిసింది. అల్లం బస్తా పక్కన కూర్చుని, అమ్మకం మాట మరిచిపోయాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచి రాయాలి. రాస్తాను. కానీ ఆయన మంచి రాయాలంటే నా నిర్వాకం రాయకుండా కుదరదు. చదివేవాళ్లు ఓపిక పట్టాలి.

ఆయన మైదానం రైతు కుటుంబంలో మనిషి. మా కొండకి బదిలీ మీద వచ్చేటప్పటికి నేను ఏడో తరగతి. కొండకి వేసిన మాస్టర్లు సాధారణంగా ఏడాది తిరక్కుండా కాయితాలు కదిపించుకుని దిగిపోతారు. ఈయన పదేళ్లు ఉన్నారు. మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె, చంకలో గొడుగు, భుజానికి గుడ్డ తొడుగు వేసిన ట్రాన్సిస్టరు. బడిలో పుస్తకం భాష మాట్లాడేవారు. గంట కొట్టగానే ఆయన ఊరి మాట బయటికి వచ్చేది. "ఒరే అబ్బీ, బేగి రా, అంబలి సల్లారిపోతాది" అని కేకేసేవారు. సోడి అంబలి, అదే రాగి జావ, మా ఇళ్లలో మాతోపాటు కింద కూర్చునే తాగేవారు. ఎవరైనా కుర్చీ తెస్తే దాని మీద గొడుగు పెట్టి తను చాప మీద కూర్చునేవారు.

పేపరు ఆయనకి విశాఖపట్నం నుంచి కిరండూల్ పాసింజరు బండిలో వచ్చేది. స్టేషన్ నుంచి మా దిగువూరికి ఎవరో ఒకరు పట్టుకొచ్చేదాకా ఆగాలి. ఒక్కోసారి నిన్నటి పేపరు ముందొచ్చి, మొన్నటిది తర్వాత వచ్చేది. అలాంటప్పుడు మొన్నటిది వచ్చేదాకా నిన్నటిదాని మడత విప్పేవారు కాదు.

"ఏటి మాస్టారూ, వార్త పాసిపోదా?" అని నవ్వేవాళ్లం.

"ముందు జరిగింది ముందు తెలియాలి గదరా. వరస తప్పితే ఎవడిది తప్పో తెల్దు" అనేవారు.

రాజ్యసభ పాఠం ఆయన ఎలా చెప్పారో రాస్తాను. నా తప్పు అక్కడి నుంచే మొదలయింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. చైత్రమాసం పండగ వెళ్లిన మర్నాడు. ఆ పండక్కి మా కొండల్లో మగవాళ్లంతా కలిసి వేటకి వెళతారు. పుస్తకంలో ఉన్న నాలుగు వాక్యాలూ మాస్టారు ఒకసారి పైకి చదివారు. మాలో సగం మంది కళ్లు మూతలు పడుతున్నాయి. ఆయన పుస్తకం మూసేశారు.

"నిన్న ఏటి పడిందిరా?"

"అడివి పంది మాస్టారూ."

"ఎలాగ పంచినారు?"

"పొయ్యికొక పాలు."

"తలల లెక్క కాదా?"

"కాదు. పొయ్యి లెక్క."

"వేటకెవరూ ఎల్లని ఇంటికో?"

"ఇస్తారు. మొగుడు పోయిన పెద్దమ్మకీ ఇస్తారు."

"పదిమందున్న ఇంటికి?"

"ఇంకో ముక్క ఎక్కువ వేస్తారు."

"పదిమందికీ పది ముక్కలు వెయ్యరేటి?"

"అలాగ వేస్తే మిగిలినోళ్లకి ఏటుంటాది మాస్టారూ?" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా నవ్వింది.

"ముందు ఎవరాకులో వేస్తారు?"

దీనికి ఊటగెడ్డ గుంట, మా క్లాసు ఆడపిల్ల, లేచి నిలబడింది. ఊటగెడ్డ మా దిగువూరికి పైన, నీటి ఊట పక్కన ఉండే గూడెం. మొత్తం నాలుగు ఇళ్లు. "మా ఆకులో వేస్తారు. మాది చిన్న ఊరు. ఆఖర్ని వేస్తే మరిచిపోతారని ముందే వేస్తారు" అంది.

మాస్టారు బోర్డు తుడిచి, "ఇప్పుడు రాసుకోండి. రాజ్యసభ" అన్నారు.

దేశం ఒక పెద్ద గూడేల గుంపు అనుకోమన్నారు. లోక్‌సభలో తలల లెక్క. రాజ్యసభ రాష్ట్రాల సభ. అందులో ఏ రాష్ట్రానికి ఎన్ని చోట్లో రాజ్యాంగం వెనక ఒక పట్టికలో రాసి ఉంటుంది. మొదటి యాభై లక్షల జనం దాకా పది లక్షలకి ఒక చోటు. ఆపైన ఇరవై లక్షలకి ఒకటి. అలా లెక్క కట్టుకుంటూ పోతే ఉత్తరప్రదేశ్‌కి ముప్పై నాలుగు, మన ఆంధ్రాకి పద్దెనిమిది, పక్కనున్న ఒరిస్సాకి పది, ఎక్కడో కొండల్లో ఉన్న నాగాలాండ్‌కి ఒకటి. కొన్ని దేశాల్లో పెద్దా చిన్నా చూడకుండా అన్ని రాష్ట్రాలకీ సమానంగా ఇస్తారు, మన వాళ్లు అంత దూరం పోలేదు అని చెప్పారు.

"మొదటి వడ్డన అందరికీ వొక్కలాగే ఉంటాది. రెండో వడ్డనకి చెయ్యి కొంచెం బిగపట్టాల. లేపోతే గిన్నె పెద్దోడి ఆకులోనే ఖాళీ అయిపోతాది" అన్నారు. పాఠంలో ఆయన ఊరి మాట దొర్లిందంటే అది ఆయనకి బాగా నచ్చిన చోటు అని మాకు తెలుసు.

సభ్యుల్ని జనం నేరుగా ఎన్నుకోరు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు అని చెప్పి, ఒకటి రెండు మూడు అని ఇష్టం వరసలో అంకెలు వేయడం ఎలాగో చూపించడానికి ఆ పూటే క్లాసు లీడర్ని మాచేత అలా ఎన్నిక చేయించారు. రెండేళ్లకోసారి మూడోవంతు మంది మాత్రమే దిగిపోతారు, సభ ఎప్పుడూ మొత్తం ఖాళీ అవదు, కుండలో పాత నీళ్లు ఉండగానే కొత్తవి పోసినట్టు అన్నారు.

నేను లేచి, "నాగాలాండ్ వోడు ఒక్కడే గదా మాస్టారూ. ఒక్కడు ఏటి సేస్తాడు?" అని అడిగాను.

"లేచి నిలబడతాడు. ఆడు నిలబడితే మిగిలినోళ్లు ఆగి వినాల. అది సిన్న పనేటి?"

ఈ జవాబు నా బుర్రలో ఉండాల్సింది. ఉండలేదు.

పదో తరగతి అయ్యాక విశాఖపట్నం వెళ్లాను. ఒక ప్రెస్సులో కంపోజింగ్ పని. అచ్చుకి వచ్చే కరపత్రాలూ, పిన్నులు కొట్టిన చిన్న పుస్తకాలూ నా కాలేజీ. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవాణ్ణి కాబట్టి ప్రతి మాటా నా చేతుల మీదుగా పోయేది. ఒకడి నోట విన్న మాట మరుపు రావచ్చేమో కానీ, వేళ్లతో పేర్చిన మాట మరుపు రాదు. దోపిడీ, వర్గం, విముక్తి. ఒక మనిషి, ఒక ఓటు, ఒకే విలువ. పైసభలు కలిగినవాళ్ల దొడ్డి గుమ్మాలు, వాటిని ఎత్తేయాలి. ఆ పుస్తకాల్లో అబద్ధాలు ఉన్నాయని ఈరోజుకీ అనను. కానీ నేను వాటిని చదివింది నా కోపానికి మేత కోసం. ఎమర్జెన్సీ ఎత్తేసిన రెండేళ్లకి ఒక సంచీ నిండా అవే పట్టుకుని ఊరికి తిరిగొచ్చాను. మా ఊళ్లో నా అంత చదివినవాడు లేడనుకున్నాను. మాస్టారు ఆ లెక్కలోకి రారు, ఆయన జీతగాడు.

ఆ మరుసటి ఏడాది మా ఏడు గూడేలకీ కలిపి నీళ్ల పథకం ఒకటి వచ్చింది. ఊటగెడ్డ పైన రాళ్లలోంచి పుట్టే ఊట దగ్గర తొట్టె కట్టి, ఇనప పైపులో నీళ్లు కిందికి దించుతారు. ఎవరికి ఎన్ని నీళ్లో మీలో మీరు తేల్చుకుని చెప్పండి అని ఇంజనీరు గారు వెళ్లిపోయారు. పెద్దలంతా మాస్టారి దగ్గరికి పోయారు.

ఆయన ప్రతి గూడెంలోనూ పొయ్యిలు లెక్కపెట్టించి ఒక కమిటీ వేశారు. మొదటి పది పొయ్యిల దాకా ఒకరు, ఆపైన ఇరవై పొయ్యిలకి ఒకరు. ఎంత చిన్న గూడెమైనా ఒకరు తప్పనిసరి. మా దిగువూరికి డెబ్భై పొయ్యిలు, నలుగురం వచ్చాం. మిగతా ఆరు గూడేలూ కలిపి యాభై పొయ్యిలు, ఆరుగురు వచ్చారు. ఊటగెడ్డ నుంచి వచ్చింది ఒక ముసలమ్మ, ఆనాడు క్లాసులో లేచి చెప్పిన గుంటకి నాయనమ్మ. ఆ కమిటీ చేసిన తీర్మానం ఇది: ఎండాకాలం నాలుగు నెలలూ సగం నీళ్లు పైపులోకి పంపకుండా ఊటగెడ్డ పక్కన వాగులా పారే గెడ్డలోకి వదలాలి. ఆ గెడ్డ తప్ప వాళ్లకి వేరే నీళ్లు లేవు.

నాకు ఒళ్లు మండింది. డెబ్భై ఇళ్లకి నలుగురా, యాభై ఇళ్లకి ఆరుగురా? ఇంటింటికీ తిరిగాను. మా ఆడవాళ్లకి బిందెల బాధ ఉంది, మొగవాళ్లకి నా గొంతు నచ్చింది. కమిటీ చెల్లదు, అందరూ కూర్చుని చేతులెత్తి తేల్చాలి అని ఊరంతటిచేతా అనిపించాను. ఒక మధ్యాహ్నం దిగువూరి పనస చెట్ల కింద ఏడు గూడేల వాళ్లూ కూర్చున్నారు.

"మాస్టారూ, మీరు నేర్పిన ప్రజాస్వామ్యం ఇదేనా?" అని మొదలుపెట్టాను. "ఊటగెడ్డ మనిషి విలువ మా ఊరి మనిషి విలువకి నాలుగింతలా?"

"కూకో బాబూ. కూకుని మాటాడుదుం" అన్నారు ఆయన. "మీకు జనం ఉన్నారు. సర్పంచి మీ ఊరోడే. ఆఫీసరొత్తే మీ ఊళ్లోనే దిగుతాడు. ఆలకేటుంది? ఈ వొక్క చోటే గదా. అదీ లాగేసుకుంటే ఇంక ఆలు ఎక్కడ నిలబడి మాటాడతారు?"

"అది మీ ఢిల్లీ పైసభ నీతి. ఆ పైసభలో మా కొండవాడికి అని రాసిపెట్టిన కుర్చీ ఒక్కటి ఉందా? అసెంబ్లీలో ఉంది, లోక్‌సభలో ఉంది. అక్కడ ఉందా? ఉంటే చూపించండి."

ఈ మాట కోసం నేను రెండు రోజులుగా కాచుకుని ఉన్నాను. జనం మాస్టారి వైపు తిరిగారు.

"నేదు" అన్నారు ఆయన. "నేదు బాబూ. అది తప్పే. నానూ ఒప్పుకుంటన్నాను. అక్కడ నేదని ఇక్కడున్నది తీసేత్తే ఎలాగ?"

జవాబు లేనప్పుడు నోరు పెద్దదవుతుంది. "మీరు మైదానం నుంచి వచ్చినవాళ్లు. జీతం తీసుకుని పాఠం చెప్పండి, చాలు. మా కొండ నీళ్లు మేం పంచుకుంటాం" అన్నాను.

మావాళ్లు కొందరు ఈల వేశారు. ఆయన కోప్పడతారని చూశాను. "అదీ నిజమేరా" అని కింద కూర్చున్నారు. కూర్చుని, "ఆ అవ్వ మాట కూడా వినండి, ఆ తరవాత మీ ఇష్టం" అన్నారు.

ముసలమ్మ లేచింది. "మా నీళ్లు మీరు పంచుకుంతన్నారు. మంచిదే. మాకెంత ఒగ్గుతారో సెప్పి పంచుకోండి" అంది.

నేను ఉపన్యాసం ఇవ్వదలచుకోలేదు. చేతులెత్తమన్నాను. కమిటీ మాట నిలబడాలనే వాళ్లు ముందు ఎత్తమన్నాను. పై గూడేల వాళ్లు ఎత్తారు. ముసలమ్మ రెండు చేతులూ ఎత్తింది.

జనం నవ్వారు. నేనూ నవ్వాను.

"అవ్వా, ఒక మనిషికి ఒక చెయ్యే" అన్నాను.

"ఇది నాది. ఇది మా ముసలోడిది. ఆడు నడవలేడు బాబూ, మంచం మీదున్నాడు. ఎత్తి రమ్మన్నాడు."

"రానివాడికి లెక్క లేదు. దించు."

ఆమె ఏ చెయ్యి దించాలో ఒక క్షణం తేల్చుకోలేకపోయింది. తర్వాత ఎడమ చెయ్యి దించింది. ఏ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. అడగలేదు.

వేటకి రాని ఇంటికి పాలు ఇచ్చే ఊళ్లో పుట్టినవాణ్ణి ఆ మాట అన్నాను.

కమిటీ మాట వద్దనే వాళ్లని ఎత్తమంటే డెబ్భై ఇళ్ల చేతులు లేచాయి. గెలిచాను. నన్ను భుజాల మీద ఎత్తుకోబోతే వద్దని తోసేశాను, అలా తోసేయడం గొప్పగా ఉంటుందని. ఆ మర్నాడు మాస్టారు మామూలుగా బడి తెరిచారు. నేను దారిలో ఎదురుపడితే, "అబ్బీ, నీకాడ కొత్త పుస్తకాలుంటే ఇయ్యి, సదివిచ్చేత్తాను" అన్నారు. వెటకారం అనుకున్నాను. ఇచ్చాను. నాలుగు రోజుల్లో అట్టలు వేసి తిరిగిచ్చారు. నేను పట్టించుకోని చోట్ల పెన్సిలుతో సన్నగా గీతలు గీసి ఉన్నాయి. చిన్న జాతుల హక్కుల గురించి ఉన్న చోట్లు అవి. ఆ పేజీలు కూడా నేను చదివినవే. గీతలు చూసి, పుస్తకం పాడుచేశాడని విసుక్కున్నాను.

ఆ ఏడే ఆయన్ని సొంత ఊరి దగ్గరికి బదిలీ చేశారు, రిటైరయ్యే వయసు దగ్గర పడిందని. పిల్లలంతా స్టేషన్ దాకా నడిచి వెళ్లారట. నేను వెళ్లలేదు. ఆ రోజు మా ఊళ్లో కుళాయి తిప్పారు. మొదటి బిందె నా చేత పట్టించారు.

మొదటి ఎండాకాలం గెడ్డ సన్నబడింది. రెండో ఎండాకాలం ఆరిపోయింది. ఊటగెడ్డ ఆడవాళ్లు బిందెలతో కొండ దిగి మా కుళాయికి వచ్చేవాళ్లు. మా ఆడవాళ్లు, "ముందు ఊళ్లోవాళ్లవి అవ్వనియ్యండి" అని వెనక్కి నెట్టేవాళ్లు. వాళ్లు పొద్దెక్కేదాకా నిలబడి, అరబిందెలతో మళ్లీ కొండ ఎక్కేవాళ్లు. నేను చూశాను. చూడలేదని రాయలేను. మంచం మీది ముసలాయన ఆ ఎండల్లోనే పోయాడు. వానలు పడేలోపు నాలుగు ఇళ్లవాళ్లూ దూలాలు పీక్కుని, కొండ అవతల ఒరిస్సా వైపు చుట్టాల దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లిన రోజు నేను ఊళ్లో లేను. ఇంకో ఊళ్లో దోపిడీ మీద మాట్లాడుతున్నాను.

మాస్టారు నాకు మూడు ఇన్‌లాండ్ కవర్లు రాశారు. మూడింట్లోనూ ముందు క్షేమసమాచారం, చివర ఒకే ప్రశ్న: "ఊటగెడ్డ వారికి వేసవిలో నీరు అందుచున్నదా? ఒక్క ముక్క వ్రాయగలవు." మొదటిదానికి పొగరుతో జవాబు రాయలేదు. రెండోది వచ్చేటప్పటికి గెడ్డ ఎండుతోంది, కాస్త వాన పడితే రాద్దామనుకున్నాను. మూడోది వచ్చేటప్పటికి రాయడానికి ఊరే లేదు. ఆ తర్వాత ఆయన రాయలేదు. ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. ఆ మధ్య మన రాష్ట్రంలో శాసనమండలిని ఎత్తేశారని రేడియోలో విన్నప్పుడు, నా పుస్తకాలు చెప్పిందే జరిగింది కదా అని పక్కవాళ్లు నా భుజం తట్టారు. అది మంచో చెడో తేల్చుకునే తెలివి నాకు అప్పటికే పోయింది. నాకు ఎడమ చెయ్యి దించుతున్న ముసలమ్మ కనిపించింది.

సంతలో కబురు విన్న మూడో రోజు కొండ అవతలికి నడిచి వెళ్లాను. పొద్దున బయలుదేరితే ఎండ నడినెత్తికి వచ్చేటప్పటికి చేరాను. ముసలమ్మ పరాయి వాళ్ల కళ్లంలో కూర్చుని సామలు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది. చేట ఆపలేదు.

"మాస్టారు పోయారు అవ్వా" అన్నాను.

"ఏ మాస్టారు? మన మాస్టారా?"

"అవును."

చేట ఆగింది. "కిందటేడు ఒచ్చినాడు" అంది.

"ఎక్కడికి?"

"ఇక్కడికే. బస్సు దిగి నడిసొచ్చినాడు. కాళ్లు వాసిపోయి ఉన్నాయి. నాలుగిళ్లకీ ఎల్లి, ఇంటింటా కూకున్నాడు. 'లెక్క నాను సరిగ్గా సెప్పలేకపోనాను, అందుకే మీకీ తిప్పలు' అన్నాడు. నాకేటి తెల్సు లెక్కలు? అంబలి పోసినాను. తాగి ఎల్లిపోనాడు."

అడగకూడనిది అడిగాను. "నా గురించి ఏమైనా అన్నారా?"

"అన్నాడు." ఆమె నా మొహంలోకి చూసింది. "'ఆడి మీద కోపం ఎట్టుకోకండి. ఆడు సదివిన పుస్తకాల్లో మీ ఊరు నేదు' అన్నాడు."

తిట్టి ఉంటే బాగుండేది. నా తప్పు తన తప్పని చెప్పుకోవడానికి వాచిన కాళ్లతో కొండ ఎక్కిన మనిషికి నేను ఒక్క ముక్క జవాబు రాయలేదు.

"మళ్లీ ఒస్తారా అవ్వా, ఊటగెడ్డకి?"

"నీళ్లొస్తాయా?"

"ఊళ్లో అడుగుతాను."

"అడుగు. అడిగి సెప్పు. నువ్వు అడక్క ముందే నన్ను పొయ్యి రాళ్లు మొయ్యమనకు" అని మళ్లీ చేట అందుకుంది.

అడిగాను. మొన్న ఆదివారం పనస చెట్ల కిందే అందర్నీ కూర్చోబెట్టాను. ఎంత చిన్న గూడేనికైనా ఒక చోటు ఉండేలా పాత కమిటీ మళ్లీ వేద్దామనీ, ఎండాకాలం సగం నీళ్లు గెడ్డలోకి వదిలేద్దామనీ చెప్పాను. మాస్టారు చెప్పిన లెక్క ఆయన చెప్పినట్టే చెప్పడానికి ప్రయత్నించాను. మొదటి వడ్డన, రెండో వడ్డన. నా నోట్లో అది సరిగ్గా రాలేదు.

"గెడ్డలోకి ఒగ్గితే ఎవురు తాగుతారు? కోతులా?" అన్నాడు ఒకడు. నవ్వులు.

"అక్కడ ఎవురున్నార్రా ఇవ్వడానికి?" అన్నాడు మా చిన్నాన్న. "పొయ్యే నేని ఊరికి పాలేటి?"

"మనం లేపేశాం కాబట్టే లేదు చిన్నాన్నా."

"నువ్వు లేపినావు. మేం సేతులెత్తినాం. ఇప్పుడూ ఎత్తించు. నువ్వు నేర్పిందే గదా."

ఎత్తించాను. నా మాటకి నాది కాక నాలుగు చేతులు లేచాయి. వద్దనే వాళ్లవి లెక్కపెట్టక్కర్లేకపోయింది. ఆ చేతుల్లో సగం నేను ఒకనాడు ఇంటింటికీ తిరిగి లేపినవే. ఆ రోజు నా గొంతు ఎంత బాగా పనిచేసిందో నాకు ఇప్పుడు తెలిసింది. వాళ్ల మీద కోపం రాలేదు. నా కోపం నాకే సరిపోయింది. వానలు వెళ్లాక మళ్లీ అడుగుతాను. మళ్లీ ఓడిపోతే మళ్లీ అడుగుతాను. ఒక్కడు లేచి నిలబడితే ఏమవుతుందో ఆయన చెప్పారు కానీ, ఎదటివాళ్లు ఆగి వినకపోతే ఏం చేయాలో నేను ఆయన్ని అడగలేదు. అడగడానికి అయిదేళ్లు టైము ఉంది. అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఊటగెడ్డకి ఎక్కాను. నాలుగు అరుగులు మిగిలాయి. గోడలు వానకి కరిగి మోకాలెత్తున ఉన్నాయి. నేల మీద పొయ్యి ఉన్న చోట్లు నాలుగూ ఇంకా నల్లగానే ఉన్నాయి. గెడ్డలో ఇసక పొడిగా ఉంది, దాని మీద పక్షి కాళ్ల గుర్తులు. పైనుంచి వచ్చిన ఇనప పైపు ఆ నాలుగు ఇళ్ల మధ్యలోంచే పోతుంది. ఎండ ఇంకా దాని మీద పడలేదు, పైపు ఒళ్లంతా చెమ్మగా ఉంది. కూర్చుని దానికి చెవి ఆనించాను. లోపల నీళ్లు ఆగకుండా, గలగలమంటూ కిందికి, మా ఊరికి పోతున్నాయి.